గోడ మీద నల్ల చుక్కల సాలీడు, ముందు భాగం గూనిలా ఉంది. ఇది రెక్లూజేనా?

రాత్రిపూట
బాత్రూం గోడ మీద రాత్రి లైటు వేసేసరికి ఒక సాలీడు కనబడుతోంది. ఒళ్ళు 5 మిల్లీమీటర్లు ఉంటుందేమో. లేత పసుపు రంగు, దాని నిండా నల్ల చుక్కలు, సన్నటి కాళ్ళకి నల్ల పట్టీలు. లైటు పడినా పరిగెత్తదు, ఒక్కో కాలూ ఆచితూచి వేస్తూ పోతుంది. గూడంటూ ఏమీ లేదు. కానీ అది తిరిగే చోటే ఒక చిన్న రెక్కల పురుగు గోడకి అతుక్కుపోయి ఉంది, ఎలా అతుక్కుందో అర్థం కాలేదు. ఫొటో చూసి పేరు చెప్పే యాప్ ఒకటి ‘బ్రౌన్ రెక్లూజ్’ అంటోంది, అదే కరిస్తే పుండు పడే విషపు సాలీడు. రెక్లూజ్‌కి గుర్తని చెప్పే వయొలిన్ లాంటి గీత కూడా వీపు మీద ఉన్నట్టే ఉంది. జూమ్ చేసి చూస్తే కళ్ళు ఆరే. ఇంట్లో పాకే పాప ఉంది. ఇల్లంతా మందు కొట్టించమంటారా?

ఆరుకళ్ళు
మందు సంగతి పక్కన పెట్టండి. చుక్కలు, కాళ్ళ పట్టీలు, నింపాది నడక, గోడకి అతుక్కున్న పురుగు, ఈ నాలుగూ కలిస్తే రెక్లూజ్ కాదు. ఉమ్మే సాలీడు. స్కైటోడిస్ జాతి. మీరు చెప్పిన రంగుని బట్టి స్కైటోడిస్ థొరాసికా కావచ్చు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లాత్రెయ్ 1802లో వర్ణించిన జీవి, ఇప్పుడు చాలా ఖండాల్లో ఇళ్ళలో స్థిరపడిపోయింది. పక్క నుంచి ఒక ఫొటో తీయగలరా? పైనుంచి తీసింది చాలదు.

కందిరీగ
ఆరు కళ్ళంటే రెక్లూజే. ఎక్కడ చదివినా అదే రాసి ఉంటుంది. పాప ఉన్న ఇంట్లో ఫొటోలు తీస్తూ కూర్చోమంటారేంటి? చెప్పుతో ఒక్కటి వేస్తే పోదా.

భూతద్దం
@కందిరీగ ఆ రాతల వల్లే ఈ గందరగోళం. సాలీళ్ళలో ఎక్కువ వాటికి ఎనిమిది కళ్ళు కాబట్టి ‘ఆరుంటే రెక్లూజ్’ అని తేలిగ్గా రాసేస్తారు. ఉమ్మే సాలీడుకీ ఆరే. అమరిక కూడా దాదాపు ఒకటే: ముందు ఒక జత, పక్కలకి చెరో జత, మొత్తం మూడు జతలు. ఈ రెండు కుటుంబాలూ దగ్గరి చుట్టాలు. కాబట్టి వీటి మధ్య తేడా తేల్చడానికి కళ్ళు పనికిరావు.

తేల్చేది వీపు. తలా రొమ్మూ కలిసిన ముందు భాగాన్ని పక్క నుంచి చూడండి. రెక్లూజ్‌కి అది చదునుగా ఉంటుంది. ఉమ్మే సాలీడుకి ముఖం దగ్గర పల్లంగా మొదలై వెనక్కి పోయేకొద్దీ ఎత్తుగా లేస్తుంది, పొట్టకి సమానంగా ఉబ్బి ఉంటుంది. పైనుంచి తీసిన ఫొటోలో ఆ ఎత్తు కనబడదు, అందుకే యాప్‌లు తడబడతాయి.

భూతద్దం
మిగతా గుర్తులు కూడా రాసేస్తున్నా, మళ్ళీ ఎవరైనా వెతుక్కుంటే పనికొస్తాయి. రెక్లూజ్ కాళ్ళు ఒకే రంగు, పట్టీలుండవు. పొట్ట కూడా ఒకే రంగు, చుక్కలుండవు. కదిలిస్తే బాణంలా పోతుంది. సైజు పెద్దది. థొరాసికా 3 నుంచి 6 మిల్లీమీటర్లు దాటదు, ఒంటి నిండా చుక్కలే. వయొలిన్ సంగతికొస్తే, థొరాసికా వీపు మీద రెండు నల్ల చారలు ముందు నుంచి వెనక్కి వంపు తిరుగుతూ పోతాయి. వయొలిన్ బొమ్మ మనసులో పెట్టుకుని చూస్తే ఎవరికైనా వయొలినే కనబడుతుంది.

తూనీగ
ఉమ్మడమంటే నిజంగా ఉమ్మడమేనా? విషం చిమ్ముతుందా? అలాగైతే పాప కళ్ళలో పడితే ఎలా?

ఆరుకళ్ళు
నిజంగా ఉమ్మడమే. మిగతా సాలీళ్ళకి విషగ్రంథి విషం ఒక్కటే చేస్తుంది. దీనికి ఆ గ్రంథి బాగా పెరిగి రెండు భాగాలుగా ఉంటుంది: ముందు భాగం విషానికి, వెనక పెద్ద భాగం జిగురుకి. వీపు గూనిలా లేచేది ఆ గ్రంథులకీ వాటిని నొక్కే కండరాలకీ చోటు కావాలి కాబట్టే. కండరం ఒక్కసారిగా బిగిస్తే జిగురూ సన్నటి పట్టు పోగులూ కలిసి కోరలో ఉన్న రంధ్రం నుంచి బయటికి చిమ్ముతాయి. ఎర గోడకి అతుక్కుపోతుంది. @రాత్రిపూట మీరు చూసిన రెక్కల పురుగు అలా అతుక్కున్నదే.

ఇక దూరం సంగతి. ఉమ్ము పడేది సెంటీమీటరు, మహా అయితే రెండు సెంటీమీటర్లు. పాప ముఖం దాని ముందు అంత దగ్గరగా పెడితే తప్ప మీదపడే ప్రశ్నే లేదు. ఎదురుగా వచ్చే పెద్ద జీవిని చూసి అది దాక్కుంటుందే కానీ ఎదురు తిరగదు.

లెక్కలమాష్టారు
ఈ ఉమ్ముని కొలిచిన పని ఒకటుంది, అంకెలు చూస్తే ఆశ్చర్యపోతారు. సూటర్, స్ట్రాటన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 2009లో థొరాసికా మీద హైస్పీడ్ వీడియో తీసి ప్రచురించారు. ఉమ్ము వేగం సెకనుకి 28.8 మీటర్ల దాకా. అంటే గంటకి 100 కిలోమీటర్ల పైమాటే. సెంటీమీటరు దూరం దాటడానికి మిల్లీసెకనులో మూడో వంతు చాలు. ఈగ కాదు కదా, ఏ పురుగూ అంతలో స్పందించలేదు.

ఉమ్ముతున్నప్పుడు కోరలు అటూ ఇటూ ఊగుతాయి, సెకనుకి 278 నుంచి 1781 సార్లు. అదే సమయంలో దవడ కింద నుంచి పైకి లేస్తుంది. పక్కకి ఊగడం, పైకి లేవడం రెండూ కలిసి గోడ మీద వంకర్ల గీత పడుతుంది. రెండు కోరలు కాబట్టి రెండు గీతలు.

పాతపుస్తకం
సెకనులో 700వ వంతులో ఉమ్మేస్తుందని చాలా చోట్ల రాశారు. అది తప్పా?

లెక్కలమాష్టారు
@పాతపుస్తకం ఆ అంకె చాలా కాలంగా ఒకరిని చూసి ఒకరు రాస్తున్నది. కొలిచిన దాని ప్రకారం ఒక విడత మొత్తం 30 మిల్లీసెకన్ల లోపు. 700వ వంతు అంటే 1.4 మిల్లీసెకన్లు. అందులో కోర కనీసం 5 సార్లు ఊగాలన్నా లెక్క కుదరదు.

తూనీగ
సెకనుకి 1700 సార్లు కండరం ఎలా ఊపగలదు? దోమ రెక్కలే అన్ని సార్లు కొట్టుకోవు కదా.

లెక్కలమాష్టారు
సరైన ప్రశ్న. ప్రతి ఊపుకీ కండరం విడిగా బిగుసుకోవడం కష్టం. గొట్టంలోంచి ద్రవం జోరుగా పోతున్నప్పుడు గొట్టం కొన దానంతటదే కొట్టుకుంటుంది, నీళ్ళ పైపు వదిలేస్తే గింజుకున్నట్టు. ఇక్కడ కూడా ద్రవం ఒత్తిడికి కోర తనంతట తానే కొట్టుకుంటుందని ఒక వివరణ. కండరం పని గ్రంథిని నొక్కడం వరకే.

గాజుసీసా
ఆ రెండు గీతలూ కళ్ళారా చూడొచ్చు. సాలీడుని గాజు సీసాలో పెట్టి ఒక చిన్న ఈగని వదిలితే కొన్ని ఉమ్ములు గాజు మీద పడతాయి. ఆరిన తర్వాత వెనక నల్ల కాగితం పెట్టి, పక్క నుంచి టార్చి వేసి, 10 రెట్ల భూతద్దంతో చూడండి. రెండు వంకర గీతలు పక్కపక్కనే కింద నుంచి పైకి పోతూ ఉంటాయి. ఇంకొంచెం పెద్దది చేసి చూస్తే పోగు మీద జిగురు పూసలు వరసగా కనబడతాయి. ఒక పోగు మీద పూసలుంటాయి, పక్క పోగు ఉత్తగా ఉంటుంది, దాని తర్వాతది మళ్ళీ పూసలతో ఉంటుంది.

ఆరుకళ్ళు
@గాజుసీసా ఆ పూసల సంగతి కూడా ఆ 2009 పనిలో ఉంది. కోర బయటి నుంచి లోపలికి ఊగేటప్పుడే జిగురు పూసలు పడతాయి, లోపలి నుంచి బయటికి పోయేటప్పుడు పడవు. మీరు చూసింది అదే.

కందిరీగ
సరే, రెక్లూజ్ కాదనే ఒప్పుకుందాం. ఆ ఉమ్ములో విషం కలిసి ఉంటుందని నేనూ చదివాను. జిగురూ పట్టూ విషమూ కలిపి చిమ్ముతుందట. మరి ప్రమాదం లేదంటారేం?

ఆరుకళ్ళు
అలా రాసినవి ఉన్నాయి, కాదనను. కానీ దీన్ని నేరుగా పరీక్షించారు. క్లెమెంట్స్, లీ అనే ఇద్దరు 2005లో ఇదే జాతిలో ఇంకో రకమైన స్కైటోడిస్ పాలిడా ఉమ్ము మీద పనిచేసి అది విషపూరితం కాదని చూపించారు. ఎరని ఉమ్ము చంపదు, కట్టిపడేస్తుంది. చంపేది ఆ తర్వాత పడే కాటు. అదే పనిలో ఇంకో సంగతి కూడా తేలింది: ఎంత ఉమ్మాలో సాలీడు అదుపు చేసుకుంటుంది. ఎర పెద్దదైతే, గింజుకుంటే ఎక్కువ ఖర్చు పెడుతుంది.

లెక్కలమాష్టారు
ఉమ్ము కట్టిపడేయడం వెనక ఇంకో బలం ఉంది. అది అంటుకుని ఊరుకోదు, ముడుచుకుంటుంది. పడిన 0.2 సెకన్లలోపే పోగులు 40 నుంచి 60 శాతం పొట్టివైపోతాయి. రెండు కోరల ఉమ్మూ కలిపి 0.1 నుంచి 0.3 మిల్లీన్యూటన్ల బలంతో లాగుతుంది. బరువులో చెప్పుకుంటే 10 నుంచి 30 మిల్లీగ్రాములు. దోమ బరువు రెండు మూడు మిల్లీగ్రాములే. ఇక అది ఎక్కడికి పోతుంది?

తూనీగ
అబ్బ! దోమల మీదకి ఇలాంటి వాళ్ళని ఒక పటాలంగా పంపాలి.

చీడలపని
@తూనీగ పటాలంగా రావు, ఒంటరిగా తిరిగే రకం. దోమల జనాభాని తగ్గించేంత వేట కూడా చేయదు. వారానికి నాలుగైదు చిన్న ఎరలు చాలు దీనికి. నీళ్ళ నిల్వలు తీసేయడం మానేసి సాలీడు మీద భారం వేయొద్దు.

@రాత్రిపూట మందు గురించి అడిగారు కాబట్టి పని తెలిసిన మనిషిగా చెప్తాను. సాలీడు కోసం గోడ అడుగున, మూలల్లో కొట్టే మందు ఇలాంటి వాటి మీద సరిగ్గా పనిచేయదు. బొద్దింక ఒళ్ళు నేలకి రాసుకుంటూ పోతుంది, మీసాలు నాకుతుంది, అందుకని మందు లోపలికి పోతుంది. సాలీడు సన్నటి కాలి కొసల మీద నడుస్తుంది, నేలకి తగిలేది చాలా కొద్ది. నేరుగా మీద పడితే చస్తుంది, ఎండిపోయిన పూత మీద నడిస్తే తరచూ బతికిపోతుంది. ఆ పూత మీద రోజంతా పాకేది మాత్రం మీ పాప. లాభం కొద్ది, నష్టం ఎక్కువ.

రాత్రిపూట
పక్క నుంచి ఫొటో తీశాను. వీపు వెనక్కి పోయేకొద్దీ పైకి లేచి ఉంది, పొట్ట ఎంత ఎత్తుందో అదీ అంతే ఉంది. తల ఎక్కడ, పొట్ట ఎక్కడ అన్నట్టు రెండు గుండ్రాలు. మచ్చలు రెండిటి మీదా ఉన్నాయి.

భూతద్దం
అంతే, స్కైటోడిస్. రెండు గుండ్రాలు పక్కపక్కన ఉంటే ఇంకే ఇంటి సాలీడూ కాదు. పసుపు మీద విడివిడి నల్ల మచ్చలంటే థొరాసికా వైపే మొగ్గుతాను. ముదురు గోధుమ రంగులో, మచ్చలు విడిగా లేకుండా ఉంటే స్కైటోడిస్ ఫస్కా అనుకోవాలి, వెచ్చటి దేశాల ఇళ్ళలో అది కూడా బాగా వ్యాపించింది. ఫొటోతో జాతి వరకే గట్టిగా చెప్పగలం. ఏ రకమో ఖాయం చేయాలంటే పెద్దదైన సాలీడు జననాంగాలు మైక్రోస్కోపు కింద చూడాలి.

కందిరీగ
మా దగ్గర మూలల్లో పొడుగు కాళ్ళతో వేలాడేవి ఉంటాయి. అవీ ఇవీ ఒకటేనా?

భూతద్దం
కాదు. అవి ఫోల్కస్ రకం. ఒంటికి పొంతన లేనంత పొడుగు కాళ్ళు, చిందరవందర గూడులో తలకిందులుగా వేలాడతాయి, ముట్టుకుంటే ఒళ్ళంతా గిరగిరా ఊపేస్తాయి. ఉమ్మే సాలీడు గోడ మీద నడుస్తూ కనబడుతుంది. దానికి కూడా సందులో నాలుగు పోగుల పడక ఉంటుంది కానీ వేట దాని మీద ఆధారపడదు.

పాతపుస్తకం
పుస్తకాల అలమారలో కనబడితే మాత్రం దయచేసి ఉండనివ్వండి. సిల్వర్‌ఫిష్ పురుగుని పట్టే కొద్ది జీవుల్లో ఇదొకటి. సిల్వర్‌ఫిష్ ఒళ్ళంతా జారిపోయే పొలుసులు, పరుగు కూడా ఎక్కువ, గూడు కట్టే సాలీడుకి అది అంత తేలిగ్గా చిక్కదు. ఉమ్ము మాత్రం కాళ్ళని కూడా కలిపి కాగితానికి అంటిస్తుంది. కాగితం మీద ఆరిన ఉమ్ము మరక చేయదు, మెత్తటి బ్రష్‌తో తుడిస్తే పోతుంది. సిల్వర్‌ఫిష్ పెట్టే చిల్లుల కంటే నయం.

చీడలపని
@పాతపుస్తకం ఒక చిన్న దిద్దుబాటు. సిల్వర్‌ఫిష్ ఎక్కువగా ఉంటే దానికి మూలం తేమ. సాలీడు ఒకటీ అరా తింటుంది, తేమ పోనంతకాలం అవి పుడుతూనే ఉంటాయి. అలమార వెనక గోడకి 5 సెంటీమీటర్ల ఖాళీ వదలండి, గాలి ఆడాలి.

పాతపుస్తకం
ఒప్పుకుంటాను. నేనన్నది సాలీడుని చంపొద్దనే. తేమ తగ్గించడం ఎలాగూ చేయాల్సిందే.

తూనీగ
అది రాత్రి వేట ఎలా చేస్తుందో ఎవరైనా వరసగా చెప్పండి. గూడు లేదు, చూపు కూడా అంతంత మాత్రమేనంటారు.

గాజుసీసా
చూపు నిజంగానే అంతంత మాత్రం. పని అంతా ముందు కాళ్ళది. అవి మిగతా వాటికన్నా పొడుగు. ఎర దగ్గర్లో కదిలితే గాలి కదలికని కాళ్ళ మీది సన్నటి వెంట్రుకలు పసిగడతాయి. సాలీడు ఆగిపోతుంది. తర్వాత నెమ్మదిగా అటు తిరుగుతుంది, ఒక ముందు కాలు చాచి గాలిలో తడుముతుంది. దూరం కుదిరిందనుకోగానే ఒళ్ళు ఒక్కసారి అదురుతుంది. మన కంటికి కనబడేది ఆ అదురు ఒక్కటే. ఉమ్ము కనబడదు. మరుక్షణం ఎర కదలకుండా ఉంటుంది.

అయినా తొందరపడదు. దగ్గరికొచ్చి ముందు కాళ్ళతో ఎరని తట్టి చూస్తుంది. ఇంకా గింజుకుంటుంటే మళ్ళీ ఉమ్ముతుంది. తర్వాత కాలి మీదో తల దగ్గరో కొరుకుతుంది, విడిచిపెట్టి ఆగుతుంది, కదలిక పూర్తిగా ఆగాక పోగులు తెంపుతుంది, కొన్నిసార్లు కాస్త పట్టు చుడుతుంది. అప్పుడు తినడం మొదలు. లోపలి రసం పీల్చేస్తుంది. పెంకు చెక్కుచెదరకుండా మిగులుతుంది. గోడ కింద ఖాళీ దోమ పెంకులు కనబడితే పైన ఎక్కడో ఇది ఉన్నట్టే.

తూనీగ
మిగతా సాలీళ్ళని కూడా తింటుందా?

ఆరుకళ్ళు
తింటుంది. పాలిడా అయితే గెంతే సాలీళ్ళని ఇష్టంగా పడుతుంది. దాన్ని వేటాడే గెంతే సాలీడు కూడా ఉంది, పోర్షియా లేబియాటా. ఫిలిప్పీన్స్‌లో లోస్ బాన్యోస్ దగ్గర ఈ రెండూ ఒకే చోట ఉంటాయి. అక్కడి పోర్షియా ఎదురుగా పోతే ఉమ్ము పడుతుందని చుట్టూ తిరిగి వెనక నుంచి వస్తుంది. ఎదుటి ఆడ సాలీడు నోట గుడ్ల మూట ఉందనుకోండి, అప్పుడు ఎదురుగానే ఎక్కువగా వెళ్తుంది. ఎందుకంటే ఉమ్మాలంటే ముందు మూట వదలాలి, వదలడానికి అది తటపటాయిస్తుంది. రాబర్ట్ జాక్సన్, డాయ్‌చిన్ లీ లాంటి వాళ్ళు దీని మీద చాలా పనిచేశారు. సాలీళ్ళ బుర్ర ఎంత చిన్నదో తలుచుకుంటే ఇది మామూలు సంగతి కాదు.

రాత్రిపూట
నోట గుడ్ల మూటా? మా దాని నోటి కింద తెల్లటి గుండ్రటి ఉండ లాంటిది ఉంది. ఏదో తింటోందనుకున్నాను.

గాజుసీసా
గుడ్లే. పట్టు చాలా పలచగా చుడుతుంది, పోగుల సందుల్లోంచి గుడ్లు ఒక్కొక్కటీ కనబడతాయి. కోరలతో పట్టుకుని, పొట్ట చివర దారం తీసే కొనల నుంచి ఒక పోగుతో కూడా కట్టి ఉంచుతుంది. రెండు మూడు వారాలు అలాగే మోస్తుంది. గుడ్లు పదుల్లోనే ఉంటాయి, వందల్లో కాదు. ఇల్లంతా సాలీళ్ళైపోతుందని భయం అక్కర్లేదు. పిల్లల్లో పెద్దయ్యేవి చాలా కొద్ది.

ఈ రోజుల్లో మాత్రం దాన్ని కదపకండి. బెదిరిస్తే మూట వదిలేస్తుంది, తిరిగి ఎత్తుకోవచ్చు, ఎత్తుకోకపోవచ్చు.

కందిరీగ
అన్నీ బాగానే చెప్తున్నారు. మరి కరిస్తే? కరవదని రాసి ఇవ్వగలరా?

ఆరుకళ్ళు
నోరున్న జీవి ఏదైనా నలిపితే కరవాలని చూస్తుంది. కానీ ఈ కోరలు చాలా చిన్నవి, దవడలు మొదట్లో ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి కాబట్టి పెద్దగా తెరుచుకోవు కూడా. మనిషి చర్మం దాటడం కష్టం. మనుషులకి చికిత్స అవసరమైన కాటు అని దీని మీద పేరు లేదు. రెక్లూజ్ విషంలో కండని కుళ్ళబెట్టే ఎంజైము ఒకటుంది, దాని కాటుకి పుండు పడేది అందువల్లే. థొరాసికా విషాన్ని 2014లో విడివిడిగా పరీక్షించి అందులో ఏమేం ఉన్నాయో జాబితా వేశారు. పురుగుల మీద పనిచేసే చిన్న చిన్న ప్రోటీన్లు చాలా ఉన్నాయి. గ్రంథిలో తయారయ్యే వాటిలో సగం దాకా గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉన్న పెప్టైడ్లే (చిన్న ప్రోటీన్ ముక్కలు), ఉమ్ము పోగుల జిగురుకి అవే పనికొస్తాయని అనుకుంటున్నారు.

పాప ఒంటి మీద ఎర్రటి దద్దురు కనబడితే సాలీడు మీద వేసేయకండి. దోమ, నల్లి, చర్మానికి సోకిన సూక్ష్మజీవులు, వీటిలో ఏదైనా కావచ్చు. దద్దురు పెరుగుతున్నా, మధ్యలో నల్లబడుతున్నా, జ్వరం వచ్చినా డాక్టరుకి చూపించండి.

కందిరీగ
అది సబబుగా ఉంది. అయినా పడకగదిలో వద్దనే అంటాను.

చీడలపని
పడకగదిలో వద్దనుకోవడంలో తప్పు లేదు. చంపకుండా బయటికి పంపే పద్ధతి ఇది. వెడల్పు మూతి గాజు గ్లాసు, కాస్త మందంగా ఉన్న కాగితం తీసుకోండి. గ్లాసు దాని మీద నిమ్మళంగా బోర్లించండి, అంచు కింద కాలు నలగకుండా చూసుకోండి. ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు, ముందు కాళ్ళు చాలా పొడుగు కాబట్టి ఒళ్ళు మధ్యలో ఉన్నా కాళ్ళు అంచు దాకా వస్తాయి. 7 సెంటీమీటర్ల మూతి ఉంటే ఇబ్బంది లేదు. తర్వాత కాగితాన్ని వెనక కాళ్ళ వైపు నుంచి గోడకి ఆనించి జరపండి. నడక నిదానం కాబట్టి తనే కాగితం మీదకి ఎక్కుతుంది.

బయట చలి ఉన్న ప్రాంతాల్లో ఇది ఇల్లు నమ్ముకుని బతికే జీవి. అలాంటప్పుడు బయట వదిలితే చావే. సామాన్ల గదిలోనో మెట్ల కిందో వదలండి. వెచ్చటి చోటైతే గోడ పగుళ్ళున్న వరండాలో వదిలినా బతుకుతుంది.

చీడలపని
ఇంకొకటి. రెక్లూజ్ ఉందేమోనన్న అనుమానం పూర్తిగా తీరాలంటే జిగురు అట్టలు పెట్టి చూడండి. గోడా నేలా కలిసే చోట, మంచాల కింద, పెట్టెల వెనక, పాప చేతికి అందని చోట గదికి రెండు మూడు పెట్టి రెండు వారాలు ఉంచండి. పడిన సాలీడుని పీకితే కాళ్ళూడిపోతాయి, తర్వాత గుర్తించలేరు. దాని చుట్టూ రెండు చుక్కల వంటనూనె వేసి పావుగంట ఆగి, బ్రష్‌తో నెమ్మదిగా విడదీసి, 70 శాతం ఆల్కహాల్‌లో వేసి చూపించండి. పని అయ్యాక అట్టలు తీసేయండి. అలాగే వదిలేస్తే ఉమ్మే సాలీళ్ళు, బల్లులు కూడా వాటికే బలవుతాయి.

తూనీగ
ఫొటో ఎలా తీస్తే బావుంటుంది? ఫోనుకి తగిలించే మాక్రో లెన్సు ఉంది నా దగ్గర.

భూతద్దం
ఆ లెన్సులు ఎక్కువగా 2, 3 సెంటీమీటర్ల దూరంలో ఫోకస్ అవుతాయి. ఉమ్ము అందే దూరానికి కాస్తంత అవతల ఉన్నట్టన్నమాట, జాగ్రత్త. లెన్సు మీద పడితే ఊదినా పోదు. గోరుతో గీకకండి, పూత పోతుంది. తడిపిన లెన్సు గుడ్డతో మెత్తగా తుడవండి.

ఫ్లాష్ నేరుగా వేస్తే పసుపు రంగు తెల్లగా పేలిపోతుంది, మచ్చలు కూడా సరిగ్గా రావు. ఫ్లాష్ ముందు టిష్యూ కాగితం ఒక పొర అడ్డం పెట్టండి. ఫోనుని గోడకి ఆనించి, గోడ మట్టం నుంచి పక్కగా తీయండి. మూడు ఫొటోలు చాలు: పక్క నుంచి, పైనుంచి, ఎదురుగా. పక్కన ఒక స్కేలు ముక్క ఆనించి తీస్తే సైజు మీద వాదన ఉండదు.

తూనీగ
ఒకటి పెంచి చూడాలనుంది. కష్టమా?

గాజుసీసా
కష్టం కాదు, ఓపిక కావాలి. నోట మూట ఉన్నదాన్ని మాత్రం పట్టకండి.

150, 200 మిల్లీలీటర్ల పారదర్శకమైన డబ్బా చాలు. మరీ పెద్ద డబ్బా అయితే ఎర దొరక్క ఆకలితో ఉంటుంది. మూతకి సూదితో పది చిల్లులు. లోపల నిలువుగా ఒక బెరడు ముక్క గానీ గరుకు అట్ట గానీ ఏటవాలుగా పెట్టండి. అది లేకపోతే కుబుసం విడిచేటప్పుడు పట్టు దొరక్క జారి పడుతుంది, కాళ్ళు వంకరపోతాయి.

తిండికి పండ్ల మీద ముసిరే చిన్న ఈగలు, విడతకి రెండు మూడు, వారానికి రెండు విడతలు. ఎర దాని ఒంటి పొడుగు మించొద్దు. పెద్ద ఎర వేస్తే దాని మీద ఉమ్ము అంతా ఖర్చు పెట్టేసి, అయినా పట్టలేక మూల చేరుతుంది. ఆ జిగురు మళ్ళీ తయారవడానికి తిండే కావాలి. సరదాకి బ్రష్‌తో పొడిచి ఉమ్మించడం కూడా అందుకే వద్దు.

నీళ్ళకి గిన్నె పెట్టొద్దు. మూడు నాలుగు రోజులకి ఒకసారి డబ్బా గోడకి బ్రష్‌తో ఒక చుక్క అంటిస్తే తాగుతుంది. లోపలంతా తడిస్తే బూజు పడుతుంది, సాలీడు పోయేది ఎక్కువగా దానివల్లే. తిన్న పెంకులు మర్నాడు తీసేయండి.

గాజుసీసా
మరిచిపోకముందే: తిండి మానేసి కదలకుండా కూర్చుంటే జబ్బనుకోకండి. కుబుసం విడవబోతోందేమో. అప్పుడు లోపల బతికున్న ఈగలుంటే తీసేయండి, డబ్బా కదపొద్దు. కుబుసం విడిచిన వెంటనే ఒళ్ళు మెత్తగా ఉంటుంది, రెండు మూడు రోజులాగి తిండి వేయండి.

తూనీగ
మగదో ఆడదో ఎలా తెలుస్తుంది?

భూతద్దం
నోటికి రెండు పక్కలా పొట్టి కాళ్ళలాంటివి రెండుంటాయి. పెద్దయిన మగదానికి వాటి కొన ఉబ్బి, అక్కడి నుంచి సన్నటి ముల్లు లాంటిది బయటికి వచ్చి ఉంటుంది. ఆడదానికి కొన మామూలుగా సన్నగానే ఉంటుంది. మగది కాస్త చిన్నది, కాళ్ళు ఇంకా పొడుగ్గా కనబడతాయి. చివరి కుబుసం వదలక ముందు ఈ తేడా నమ్మకంగా చెప్పలేం.

రాత్రిపూట
మందు ఆలోచన మానుకున్నాం. పిల్లలు పుట్టాక అవి ఎన్నాళ్ళు అక్కడే ఉంటాయి? బాత్రూం గోడ కడగాలి కదా.

గాజుసీసా
గుడ్లు పగిలాక పిల్లలు తల్లి పోగుల దగ్గరే మొదటి కుబుసం విడిచేదాకా గుంపుగా ఉంటాయి, తర్వాత ఒక్కొక్కటిగా చెదిరిపోతాయి. అప్పటిదాకా ఆ మూల ఒక్క జానెడు మేర వదిలేసి మిగతా గోడ కడుక్కోండి. నీళ్ళు నేరుగా పైపుతో కొట్టొద్దు, తడిగుడ్డతో తుడవండి. ఆవిరి ఎక్కువ నిలవకుండా కిటికీ తెరిచి ఉంచితే గుడ్లకి బూజు పట్టదు.

చీడలపని
ఆ కిటికీకి సన్నకన్ను జాలీ కూడా బిగించండి. రాత్రి బాత్రూం లైటుకి పురుగులు లోపలికి వస్తున్నాయి కాబట్టే అది ఆ గోడ ఎంచుకుంది. లైటు పసుపు రంగుది పెడితే పురుగులు తగ్గుతాయి, పిల్లలు చెదిరాక తల్లి కూడా వేట దొరికే ఇంకో చోటు వెతుక్కుంటుంది.